ఏఐ వస్తే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం ఉంటుందా? ఈ రంగంలో పరిశోధన ఎంతవరకు వచ్చింది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. బీటెక్ సీఎస్‌ఈ చివరి సంవత్సరంలో ఉన్నారు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఏటీసీ పరీక్షకు చదువుతున్నారు. "పదేళ్లలో ఆ కుర్చీలో కంప్యూటర్ కూర్చుంటుంది, ఎందుకురా నీకీ కష్టం" అని నాన్నగారు అంటున్నారు. ఆ మాట నిజమా అన్నది మొదటి ప్రశ్న. నిజమైతే ఆ కంప్యూటర్‌ని తయారుచేసే పరిశోధన వైపే వెళ్లొచ్చు కదా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. పరీక్ష రాయండి. ఆ కుర్చీ ఖాళీ అవదు. కుర్చీ ముందున్న తెరలు మాత్రం మారతాయి, ఇప్పటికే మారుతున్నాయి. పరిశోధన విషయానికొస్తే, ఇక్కడ పని బోలెడుంది. కాకపోతే చాలామంది విద్యార్థులు అనుకునే చోట లేదు. విమానాల్ని నడిపించే ఏఐని తయారుచేయడం ఇక్కడ పెద్ద చిక్కు కాదు. అది తప్పు చేయదని నిరూపించడమే అసలు చిక్కు.

నేను ఏరియా కంట్రోల్‌లో, అంటే ఎయిర్‌పోర్టులకు దూరంగా పై ఎత్తుల్లో వెళ్లే విమానాల్ని చూసే విభాగంలో, పని చేశాను. తర్వాత కొన్నాళ్లు ఒక పరిశోధన బృందానికి సిమ్యులేటర్ ప్రయోగాల్లో కంట్రోలర్ వైపు నుంచి సలహాదారుగా ఉన్నాను. కోడ్ రాసేవాణ్ని కాదు. వాళ్లు రాసిన కోడ్‌ని తిట్టే పని నాది. ఈ సమాధానం ఆ వైపు నుంచే చదవండి.

ముందు ఒక పాత సంగతి. కంట్రోలర్ల పని కంప్యూటర్‌కి అప్పజెప్పాలన్న ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1980ల మొదట్లోనే 'ఏరా' అనే పథకం ప్రకటించింది. విమానాల మధ్య దూరాన్ని యంత్రమే చూసుకుంటుంది, మనిషి పైనుంచి గమనిస్తాడు అన్నది దాని ఉద్దేశం. దానికి ఆధారం కావాల్సిన పెద్ద ఆధునికీకరణ ప్రాజెక్టుకి ఖర్చు పెరిగి, గడువులు దాటి, 1994లో చాలా భాగం రద్దయింది. ఆ తరంలో బతికి బట్టకట్టినవి కంట్రోలర్‌కి పక్కన కూర్చుని సాయం చేసే పనిముట్లు. నాసాలో హైంజ్ ఎర్జ్‌బెర్గర్ బృందం తయారుచేసిన, వచ్చే విమానాలకు వరుస, సమయం సూచించే వ్యవస్థ అలాంటిదే. నలభై ఏళ్ల చరిత్ర చూశాక నాకు అర్థమైంది ఇదే: సలహా ఇచ్చేవి నిలబడ్డాయి, ఆజ్ఞ ఇస్తామన్నవి వెనక్కి పోయాయి.

ఇప్పుడు నిజంగా పని చేస్తున్నది అంచనా. యూరప్ దేశాల ఉమ్మడి విమాన ట్రాఫిక్ సంస్థ యూరోకంట్రోల్ వాళ్ల మాస్ట్రిక్ట్ కేంద్రం బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, వాయవ్య జర్మనీల మీద 24,500 అడుగుల పైన ఆకాశాన్ని చూస్తుంది. విమానయాన సంస్థ ఫ్లైట్ ప్లాన్‌లో ఒక రూటు రాస్తుంది. తీరా ఎగిరే రోజున కంట్రోలర్ దగ్గరదారి ఇస్తాడు, లేదా సైనిక గగనతలం ఖాళీగా ఉంటే అందులోంచి పంపేస్తాడు. దాంతో ఏ సెక్టార్‌లో (ఒక కంట్రోలర్ జట్టు చూసే ఆకాశపు ముక్క) ఏ గంటకి ఎంత రద్దీ ఉంటుందన్న లెక్క తప్పుతుంది. పాత ట్రాఫిక్ చూసి, ఈ విమానం రాసిన దారిలో వెళ్తుందా, ఇంకో దారిలో వెళ్తుందా అని మెషీన్ లెర్నింగ్‌తో ముందే ఊహిస్తున్నారు అక్కడ. సెక్టార్లు ఎన్ని తెరవాలి, ఎంతమందిని కూర్చోబెట్టాలి అన్న నిర్ణయానికి అది పనికొస్తుంది. అమెరికాలో డాలస్ ప్రాంతంలో నాసా చేసిన ప్రయోగం కూడా ఇలాంటిదే. ట్యాక్సీకి, అంటే విమానం గేటుకీ రన్‌వేకీ మధ్య నేలమీద నడవడానికి, ఎంతసేపు పడుతుంది, బయలుదేరే విమానానికి వేరే రూటు ఇస్తే ఎంత కలిసొస్తుంది అని లెక్కగట్టి విమానయాన సంస్థకి చూపించింది.

హీత్రోది ఇంకో రకం. అక్కడి టవర్ ఎత్తు 87 మీటర్లు. కింద రన్‌వే బాగానే కనబడుతుంది గానీ మబ్బు కిందికి దిగితే టవర్ తల అందులో మునిగిపోతుంది. అప్పుడు విమానం రన్‌వే ఖాళీ చేసిందో లేదో గ్రౌండ్ రాడార్ చూసి నిర్ధారించుకోవాలి, దానికోసం విమానాల మధ్య ఎడం పెంచాలి. దిగే విమానాల సామర్థ్యం 20 శాతం దాకా పోతుంది. 2019లో బ్రిటన్ ఏటీసీ సంస్థ నాట్స్, అల్ట్రా హెచ్‌డీ కెమెరాలు పెట్టి, వాటి దృశ్యాల్లోంచి 'రన్‌వే ఖాళీ అయింది' అని ఏఐ చెప్పగలదా అని పరీక్షించింది. అసలు ట్రాఫిక్‌కి దాన్ని కలపలేదు, పక్కన నడిపి చూసుకున్నారు.

మాస్ట్రిక్ట్, డాలస్ ఉదాహరణల్లో ఒక పోలిక గమనించండి. అంచనా తప్పితే ఒక సెక్టార్ అనవసరంగా తెరుచుకుంటుంది, ఒక విమానం నాలుగు నిమిషాలు ఆగుతుంది. ఎవరి ప్రాణం మీదికీ రాదు. అందుకే ఏఐ ముందు అక్కడ అడుగుపెట్టింది.

ఏఐ అడుగుపెట్టిన రెండో చోటు, మాటల్ని గుర్తించడం. కంట్రోలర్ రేడియోలో చెప్పింది, పైలట్ తిరిగి చెప్పింది విని కంప్యూటర్ తనే తెరమీద ఆ విమానం పక్కనుండే లేబుల్‌లో నమోదు చేయడం, రీడ్‌బ్యాక్ తప్పితే హెచ్చరించడం. జర్మనీ విమాన, అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్‌ఆర్ దీనిమీద చాలాకాలంగా పని చేస్తోంది. ప్రాగ్, వియన్నా రికార్డింగులతో మలోర్కా అనే ప్రాజెక్టు చేశారు, తర్వాత లండన్, ఐస్‌లాండ్ గొంతులతో హవాయీ అని ఇంకొకటి. ఇక్కడ మనవాళ్లకు పని ఎక్కువ. యూరప్ గొంతుల మీద నేర్పిన మోడల్‌కి మన ఇంగ్లీషు వినిపించినప్పుడు ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను. మామూలు వాక్యాలు బాగానే పట్టింది. కానీ ఒకే తరహా కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) ఉన్న రెండు 'ఐఫ్లై' విమానాలు, అంటే ఇండిగోవి, ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే, పైలట్ హడావిడిగా అంకెలు మింగేస్తే, ఏ విమానానికి ఏ లెవెల్ (ఎత్తు) ఇచ్చామో కలిపేసింది. మనిషి కూడా సరిగ్గా అక్కడే తికమకపడతాడు. అంటే సాయం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే మోడల్ చేతులెత్తేసింది. నూటికి ఎన్ని పదాలు సరిగ్గా గుర్తించింది అనే లెక్క ఇక్కడ పనికిరాదు. కాల్‌సైన్, ఆజ్ఞ, అంకె ఈ మూడూ కలిపి సరిగ్గా వచ్చాయా అన్నదే లెక్క.

ఇక అందరికీ ఆసక్తి ఉన్న చోటు: రెండు విమానాలు దగ్గరపడుతుంటే ఎవరిని ఎటు తిప్పాలో ఏఐ చెప్పడం. రాడార్ కింద ఏరియా కంట్రోల్‌లో మామూలుగా 5 నాటికల్ మైళ్ల ఎడం, లేదా నిలువుగా 1000 అడుగులు ఉండాలి. ఈ నియమాన్ని ఒక ఆటలా రాసేసి రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో (తప్పొప్పులకు మార్కులిస్తూ నేర్పే పద్ధతి) ఏజెంట్‌కి, అంటే నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రామ్‌కి, నేర్పించిన పత్రాలు కుప్పలుగా వస్తున్నాయి. సిమ్యులేటర్‌లో అవి గెలుస్తాయి కూడా. నేను చూసిన ఒక ఏజెంట్ గంటసేపు ఒక్కసారి కూడా ఎడం తగ్గనివ్వలేదు. కానీ ఒకే విమానానికి ఎడమకి 3 డిగ్రీలు, మళ్లీ కుడికి 2 డిగ్రీలు, మళ్లీ ఎడమకి అంటూ చెప్తూనే ఉంది. నిజమైన ఫ్రీక్వెన్సీలో అంత మాట్లాడే జాగా ఉండదు, రెండో మలుపుకే పైలట్ "ఏమైంది మీకు?" అని అడుగుతాడు. పైగా 5.1 మైళ్లు మిగిలితే చాలని తృప్తిపడేది. మేము అలా చేయం. పైలట్ ఆలస్యంగా తిరగొచ్చు, గాలి మారొచ్చు, పక్క విమానం అడ్డుగా మాట్లాడి మన మాట వినబడకపోవచ్చు. వీటన్నిటికీ కలిపి ఇంకొంచెం ఎడం వదులుతాం. ఆ 'ఇంకొంచెం' ఏ నిబంధనల పుస్తకంలోనూ అంకెగా ఉండదు.

అలాగని కంట్రోలర్లు చెప్పేదంతా వేదం అనుకోకండి. యూరప్‌లో జరిగిన ముఫాసా అనే పరిశోధనలో ఒక తమాషా చేశారు. కంట్రోలర్లు ఒక చిక్కుని ఎలా విప్పారో రికార్డు చేశారు. కొన్నాళ్లకి అదే చిక్కుని కాస్త తిప్పి, గుర్తుపట్టకుండా మళ్లీ ఇచ్చి, వాళ్లు ఇచ్చిన పరిష్కారాన్నే 'కంప్యూటర్ సలహా' అని చూపించారు. దాదాపు నాలుగో వంతు సార్లు తమ సొంత పరిష్కారాన్నే కాదు పొమ్మన్నారు! మా వాళ్లకి ఈ సంగతి చెప్తే ఇప్పటికీ ఒప్పుకోరు. యంత్రం మనిషిలా ఆలోచించినంత మాత్రాన మనిషి దాన్ని నమ్ముతాడన్న హామీ లేదని మాత్రం నాకు అర్థమైంది.

ఈ దిశలో ఇప్పుడు గమనించాల్సింది బ్రిటన్‌లోని ప్రాజెక్ట్ బ్లూబర్డ్. నాట్స్, అలన్ ట్యూరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి 2021లో మొదలుపెట్టాయి. ఇంగ్లండ్ గగనతలానికి డిజిటల్ ట్విన్ (కంప్యూటర్‌లో అచ్చు నకలు) కట్టి, అందులో ఏఐ ఏజెంట్లకు కంట్రోల్ నేర్పుతున్నారు. నాకు నచ్చింది ఏమిటంటే, ట్రైనీ కంట్రోలర్‌కి పెట్టే పరీక్షల్లాంటివే ఏజెంట్‌కీ పెట్టి, మనిషిని తూచే తరాజులోనే దాన్నీ తూచాలని చూస్తున్నారు. 'ఎడం తగ్గలేదు' అన్న ఒక్క మార్కుతో సరిపెట్టడం లేదు.

ఇక నిరూపణ. ఇది కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే సీఎస్‌ఈ చదివిన మీలాంటి వాళ్లకి అసలు అవకాశం ఇక్కడుంది.

విమానంలో ఉండే టీకాస్ గురించి వినే ఉంటారు. చివరి క్షణంలో ఒక పైలట్‌కి 'పైకి', ఇంకొకరికి 'కిందికి' అని చెప్పే యంత్రం. 1996 నవంబర్ 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. ఆ తర్వాతే మన దేశంలో దాన్ని తప్పనిసరి చేశారు. కానీ యంత్రం ఉండగానే సరిపోదని 2002 జూలై 1న జర్మనీలో ఊబర్‌లింగెన్ మీద తెలిసింది. ఒక విమానంలో టీకాస్ 'పైకి' అంది. అదే సమయంలో జ్యూరిక్ కంట్రోలర్ 'కిందికి' అన్నాడు. ఆ రాత్రి అతను ఒక్కడే రెండు చోట్ల పని చూసుకుంటున్నాడు. పైలట్లు మనిషి మాట విన్నారు. రెండో విమానం తన టీకాస్ చెప్పినట్టు కిందికే దిగింది. 71 మంది చనిపోయారు. అప్పటినుంచి, టీకాస్ ఆదేశం వస్తే కంట్రోలర్ మాట పక్కన పెట్టాలన్నది ప్రపంచమంతా గట్టిగా అమలవుతోంది. మనిషికీ యంత్రానికీ మధ్య ఎవరి మాట చెల్లుతుందో ముందే తేల్చకుండా ఏ ఏఐనీ కంట్రోల్ రూంలోకి తేకూడదని నేను అనేది అందుకే.

టీకాస్ తర్వాతి తరం ఏకాస్ ఎక్స్. ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో పుట్టింది. పాతదాంట్లో నియమాలు మనుషులు చేత్తో రాశారు. కొత్తదాంట్లో ఏ స్థితిలో ఏం చేస్తే ప్రమాదం తక్కువో సంభావ్యత నమూనాతో కంప్యూటరే లెక్కగట్టి పెద్ద పట్టిక తయారుచేసింది. డ్రోన్ల కోసం చేసిన రకంలో ఆ పట్టిక దాదాపు 2 గిగాబైట్లు అయింది. విమానంలో పట్టే చిన్న కంప్యూటర్‌కి అది బరువు. దాన్ని 45 న్యూరల్ నెట్‌వర్క్‌లుగా కుదిస్తే కొద్ది మెగాబైట్లకు దిగింది. బాగుంది. మరి కుదించిన నెట్‌వర్క్ ఏదో ఒక మూల తలాతోకా లేని సలహా ఇవ్వదని ఎలా తెలుస్తుంది? కోట్ల ఉదాహరణలతో పరీక్షించినా ఆ మూల మిగిలిపోవచ్చు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రీలుప్లెక్స్ అనే పద్ధతితో ఆ 45 నెట్‌వర్క్‌ల మీద గణితపరంగా కొన్ని ధర్మాలు రుజువు చేశారు. కొన్ని ధర్మాలు నిలబడని చోట్లు కూడా అదే బయటపెట్టింది. ఒక్కో నెట్‌వర్క్‌లో 300 న్యూరాన్లే. ఇప్పటి మోడళ్ల పక్కన పెడితే చీమంత. ఆ చీమంతదానికే అంత శ్రమ పట్టిందంటే పెద్దవాటి సంగతి ఊహించుకోండి.

విమాన వ్యవస్థల్లో ప్రాణాంతక వైఫల్యం వంద కోట్ల ఎగిరే గంటలకు ఒకటి కన్నా అరుదుగా ఉండాలని కొలత. మామూలు సాఫ్ట్‌వేర్‌కైతే ప్రతి కోడ్ పంక్తి ఏ అవసరం కోసం ఉందో చూపించాలి. న్యూరల్ నెట్‌వర్క్‌లో ఈ బరువు (అది నేర్చుకున్న అంకె) ఈ అవసరం కోసం అని ఎవరు చూపిస్తారు? ఐరోపా భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ 2020లో ఏఐ రోడ్‌మ్యాప్ తెచ్చింది, 2023లో దాన్ని సవరించింది. అందులో ఏఐని మూడు మెట్లుగా విడగొట్టారు: మనిషికి సాయం చేసేది, మనిషితో జట్టుగా పని చేసేది, తనంత తానే చేసేది. వివరమైన మార్గదర్శకాలు 2024 నాటికి మొదటి రెండు మెట్లకే వచ్చాయి. మూడోది ముట్టుకోలేదు. నాన్నగారికి చూపించాల్సింది ఇదే. కుర్చీ తీసేసేది ఆ మూడో మెట్టే.

2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో జరిగింది కూడా చదవండి. ఏఐ కాదు, మామూలు సాఫ్ట్‌వేర్. ఒక ఫ్లైట్ ప్లాన్‌లో 'డీవీఎల్' అనే పేరుతో రెండు వేర్వేరు బిందువులు వచ్చాయి. ఒకటి ఫ్రాన్స్‌లో, ఇంకోటి అమెరికాలో. ఫ్లైట్ ప్లాన్లు చదివే వ్యవస్థ అయోమయంలో పడి, తప్పు సమాచారం కంట్రోలర్లకి పంపడం కంటే ఆగిపోవడమే మేలని ఆగిపోయింది. స్టాండ్‌బైగా ఉన్న రెండోది కూడా అదే కోడ్ కాబట్టి అదే ప్లాన్ చదివి అలాగే ఆగింది. చేత్తో ఫ్లైట్ ప్లాన్లు ఎక్కిస్తూ నడిపారు, 7 లక్షలకు పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. 2025 నవంబర్‌లో ఢిల్లీలో ఫ్లైట్ ప్లాన్లు చేరవేసే మెసేజ్ స్విచింగ్ వ్యవస్థ మొరాయించినప్పుడు కూడా మన కంట్రోలర్లు చేత్తోనే ప్లాన్లు చూసుకున్నారు, వందల విమానాలు ఆలస్యమయ్యాయి గానీ ఆకాశంలో ఉన్నవి క్షేమంగా దిగాయి. యంత్రం ఆగినప్పుడు చేత్తో నడపగల మనుషులు అక్కడ ఉన్నారు కాబట్టి. రోజూ యంత్రమే నడిపి, మనిషి ఊరికే చూస్తూ కూర్చుంటే ఆ చేతి నైపుణ్యం మిగులుతుందా? దీని మీద పరిశోధన ఇంకా చాలా కావాలి. కోడ్ కన్నా మనస్తత్వశాస్త్రం ఎక్కువ అవసరమైన ప్రశ్న ఇది.

మన దేశం సంగతి. శంషాబాద్‌లో 2024 డిసెంబర్‌లో ఏఐతో నడిచే ఎయిర్‌పోర్ట్ ప్రిడిక్టివ్ ఆపరేషన్ సెంటర్ ప్రారంభించారు. అది టెర్మినల్ రద్దీ, క్యూలు, విమానాల రాకపోకలు చూసేది, ఏటీసీ కాదు. వార్తల్లో రెండూ కలిపేస్తుంటారు. బేగంపేటలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పౌర విమానయాన పరిశోధన సంస్థ కారో ఉంది. హైదరాబాద్‌లో ఉండి ఈ రంగంలో ఆసక్తి ఉన్నవాళ్లు దాన్ని గమనిస్తూ ఉండండి.

నన్నడిగితే మన దగ్గర చేయాల్సిన పరిశోధన వేరు. యూరప్ పత్రాల్లో విమానాలు దాదాపు గీత గీసినట్టు ఎగురుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత తెలంగాణ, కోస్తా మీద సీబీ మేఘాలు (ఉరుములు మెరుపుల మేఘాలు) లేచినప్పుడు చూడాలి. వచ్చే ప్రతి విమానమూ "వాతావరణం వల్ల 20 మైళ్లు ఎడమకి" అంటుంది. ముందు వెళ్లినవాడు ఎడమకి పోతే వెనకవాడు తన రాడార్ చూసుకుని కుడికి అడుగుతాడు. ఎవరు ఏ వైపు అడుగుతారో పది నిమిషాల ముందు చెప్పగల పనిముట్టు ఉంటే కంట్రోలర్ టెన్షన్ సగం తగ్గుతుంది. ఢిల్లీ చలికాలపు పొగమంచు ఇంకొకటి. 2015 నుంచి అక్కడ వైఫెక్స్ పేరుతో క్షేత్ర పరిశీలన జరుగుతోంది. ఆ అంచనాని రన్‌వే సామర్థ్యంగా, విమానాల వరుసగా మార్చడం మీలాంటివాళ్లు చేయదగ్గ పని.

మీరు ఏం చేయాలి. పరీక్షకు ఇంజినీరింగ్‌లో ఏదో ఒక సెమిస్టర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. వయసు, మెడికల్, వాయిస్ టెస్ట్ నిబంధనలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, యూట్యూబ్‌లో కాదు. ఉద్యోగం వస్తే చేరండి. కొన్నేళ్లు మైక్ పట్టుకున్నవాడికి పరిశోధనలో ఉండే విలువ వేరు. నేను చూసిన బృందాల్లో కోడ్ రాసేవాళ్లకి కరువు లేదు, సెక్టార్ తెలిసినవాళ్లకే కరువు. నేరుగా పరిశోధనకే వెళ్లాలనుకుంటే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ, ఫ్రాన్స్ టూలూజ్‌లోని విమానయాన విద్యాసంస్థ ఎనాక్, సింగపూర్ ఎన్‌టీయూ యూనివర్సిటీలలో దీనికోసమే పని చేసే బృందాలున్నాయి. దరఖాస్తులో "ఏఐ అంటే ఆసక్తి" అని రాస్తే ఎవరూ చూడరు. చేసిన పని చూపించాలి.

దానికి డబ్బు అక్కర్లేదు. డెల్ఫ్ట్ వాళ్ల బ్లూస్కై సిమ్యులేటర్ ఉచితం. విమానాలు తామెక్కడున్నాయో పంపే ఏడీఎస్-బి సమాచారాన్ని ఓపెన్‌స్కై నెట్‌వర్క్ పరిశోధకులకి ఇస్తుంది. దాన్ని శుభ్రం చేయడానికి పైథాన్‌లో 'ట్రాఫిక్' అనే లైబ్రరీ ఉంది. మన దగ్గర రిసీవర్లు యూరప్‌లో ఉన్నంత దట్టంగా లేవు, కాబట్టి ట్రాక్‌లు మధ్యలో తెగిపోతాయి. అది చూసి వదిలేయకండి.

మొదటి ప్రాజెక్టుగా చిన్నది తీసుకోండి: శంషాబాద్‌కి ఇంకా అరగంట దూరంలో ఉన్న విమానం ఎన్ని గంటలకు దిగుతుంది? ముందు మిగిలిన దూరాన్ని వేగంతో భాగించి ఒక మొరటు అంచనా కట్టండి. తర్వాత మీ మోడల్ పెట్టండి. మొత్తం మీద సగటు తప్పు ఎంతని చూసి ఆగిపోకుండా, మేఘాలు పట్టిన రోజుల్ని, రన్‌వే దిశ మారిన గంటల్ని విడిగా తీసి చూడండి. ఆ రోజుల్లో మీ మోడల్ మొరటు అంచనా కన్నా మెరుగ్గా లేకపోతే ఎందుకు లేదో రెండు పేజీలు రాయండి. డెల్ఫ్ట్‌కైనా సింగపూర్‌కైనా దరఖాస్తుతోపాటు పంపాల్సినవి ఆ రెండు పేజీలే.